పై అంతస్తు కడ్డీలు

తెల్లారేసరికి గిన్నె నిండింది.

పడగ్గదిలో మంచం పక్కన, గోడ మూలకి పెట్టిన ఇత్తడి గిన్నె అది. రాత్రంతా కురిసిన వాన ఆగింది. కప్పు మాత్రం ఆగలేదు. ఒక్కో చుక్కా తీరిగ్గా ఆలోచించుకుని పడుతున్నట్టు పడుతోంది. పెద్దమేస్త్రి భార్య లేచి, గిన్నె బయటికి తీసుకెళ్ళి పారబోసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది. నేల మీద గిన్నె అడుగు గుండ్రంగా మరక కట్టింది. కళ్ళు మూసుకున్నా ఆమె చెయ్యి ఆ మరక మీదికే పోతుంది.

"ఊరందరికీ కప్పులేసిన చెయ్యి," అంది ఆమె. "మన కప్పు దగ్గరకొచ్చేసరికి తిమ్మిరెక్కింది."

పెద్దమేస్త్రి కాఫీ గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతున్నాడు.

"వానలు తగ్గనీ, చూద్దాం."

"తగ్గాక కారదుగా. అప్పుడేం చూస్తారు?"

ఆయన గ్లాసు నోటికెత్తాడు. మాట్లాడాల్సిన చోట కాఫీ తాగడం ఆయన అలవాటు.

ఇటుకలు మోసిన రోజుల నుంచి పని నేర్చుకుని, తాపీ పట్టి, మేస్త్రి అయి, చివరికి తమ్ముడితో కలిసి సొంతంగా కంపెనీ పెట్టిన మనిషి. బోర్డు మీద ఏ పేరు రాసినా జనం నోట ఆయన పెద్దమేస్త్రే. కట్టడం ఆయనది. కట్టించుకునేవాళ్ళని వెతికి తేవడం తమ్ముడిది. అన్నకి మాట రాదు, తమ్ముడికి మాట ఆగదు. జోడెడ్ల బండిలా నడిచింది కంపెనీ.

రెండేళ్ళ కిందట ఆ బండికి రోడ్డే లేకుండా పోయింది. ఎక్కడో పెద్ద పెద్ద వాళ్ళ లెక్కలు తప్పాయట. బ్యాంకులు గుప్పిట బిగించాయి. ఇల్లు కొందామనుకున్నవాళ్ళు, ఉన్న ఉద్యోగం ఉంటే చాలనుకున్నారు. అన్నదమ్ములు ఎనిమిది అంతస్తులని మొదలుపెట్టిన బిల్డింగు నాలుగో స్లాబు దగ్గర ఆగింది. గోడలున్నాయి, తలుపులు లేవు. మెట్లున్నాయి, ఎక్కేవాళ్ళు లేరు. ఇంటి ముందు స్థలంలో మిక్సరు మిషను, సామాను పైకెత్తే క్రేను, సెంట్రింగు రేకులు దుమ్ము పట్టి ఉన్నాయి. క్రేను మీద కాకులు కాపురం పెట్టాయి.

"అద్దె లేకుండా ఉంటున్నది అవే," అంటుంది ఆయన భార్య.

ఇంటి మేడ మీద ఇంకొక సంగతి ఉంది. పిల్లరు పిల్లరుకీ ఇనుప కడ్డీలు ఆకాశంలోకి లేచి ఉంటాయి. పై అంతస్తు కోసం వదిలినవి. కూతురికి అయిదేళ్ళున్నప్పుడు ఆమెని భుజాన వేసుకుని మేడెక్కి, "ఇదిగో చిన్నమేస్త్రీ, ఇక్కడ నీ ఇల్లు. వచ్చే ఏడు కడతా," అన్నాడు. ఆ వచ్చే ఏడు ఇంకా రాలేదు. ప్రతిసారీ ఎవరిదో బిల్డింగు అడ్డం వచ్చింది. ఆ కడ్డీలకి తాడు కట్టి ఆయన భార్య బట్టలారేస్తుంది. ఇంట్లో దుప్పట్లన్నిటికీ తుప్పు మరకలు.

అసలు కడ్డీలు వదలడం ఆయనకొక పట్టుదల. పైన కట్టం మొర్రో అన్నవాళ్ళకి కూడా వదిలేవాడు. "మనిషన్నాక పైకి పోవాలండీ," అనేవాడు.

"పైకి పోవడానికి కడ్డీలెందుకు? వయసొస్తే అందరం పోతాం," అనేది భార్య.

అయితే ఎవరి ఇంటికి వదిలినా ఒక జాగ్రత్త చెప్పేవాడు. ఇసుక ఎక్కువ, సిమెంటు తక్కువ వేసి మాలు కలిపి, కడ్డీల్ని పూర్తిగా కప్పేయమనేవాడు. నీరు తగలదు. కావలసిననాడు ఉలితో కొడితే ఊడి వస్తుంది. అందరికీ తానే దగ్గరుండి కప్పించాడు. తన ఇంటికి కప్పించలేదు. వచ్చే ఏడు కట్టేదానికి ఇప్పుడు కప్పడమెందుకు అనుకున్నాడు. తర్వాతి ఏడూ అలాగే అనుకున్నాడు.

కూతురు అప్పటికే తయారై గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. ఇంజనీరింగు చదివి కంపెనీలోనే చేరింది. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "ముందు అమ్మ గదిలో చుక్క ఆగనివ్వండి," అనేది.

"ఎక్కడికే?" అంది తల్లి.

"పనుందమ్మా."

పెద్దమేస్త్రి తలెత్తాడు. సైట్లన్నీ మూతపడి ఉంటే పనేమిటి? అడుగుదామనుకున్నాడు. కాఫీ తాగాడు.

తమ్ముడు పది గంటలకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. కంపెనీ కూలినా చొక్కా మడత నలగకూడదన్నది ఆయన సిద్ధాంతం.

"అన్నయ్యా, పని అయినట్టే. రేపు పదకొండింటికి బ్యాంకు. ఇల్లు పూచీ పెడితే అప్పిస్తామన్నారు. అయిదో స్లాబు పడిందంటే చాలు, జనం నమ్ముతారు. జనం నమ్మితే మిగతావి అవే లేస్తాయి."

"ఈ ఇల్లా?" అంది వదిన.

"ఇంకేముంది వదినా మన దగ్గర? ఏడాదిలో విడిపించేద్దాం."

"వచ్చే ఏడా?" అంది ఆమె, భర్త వైపు చూస్తూ.

తమ్ముడు ఫైలు బల్ల మీద పెట్టి గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించాను. మన అమ్మాయి ఏం చేస్తోందో తెలుసా నీకు? మన బండి, మన మనుషులు... ఆ పాత అపార్టుమెంటు దగ్గర బాత్రూము గొట్టాలకి అతుకులేస్తున్నారు. అదీ మన పోటీవాడు కట్టిన బిల్డింగు! వాడు పారేసిన చోట మనం చీపురు పట్టుకున్నాం అన్నయ్యా."

పెద్దమేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. "బండి తియ్యి," అన్నాడు.

పాత అపార్టుమెంటు సందు చివర ఉంది. గోడల నిండా నల్లటి చారలు. మూడో అంతస్తు బాల్కనీ కింద పరంజా కట్టి ఉంది. కింద పొట్టిమేస్త్రి మాలు కలుపుతున్నాడు. ఆరడుగుల మనిషి. పనిలో చేరిన కొత్తలో ఎవరో వెటకారానికి పెట్టిన పేరు, అలాగే నిలిచిపోయింది. పెద్దమేస్త్రిని చూడగానే అతని చేతిలో పార ఆగింది.

"అయ్యగారూ... అమ్మాయిగారు చెప్పొద్దన్నారు. అందుకని చెప్పలేదు."

"చెప్పకపోవడం బాగా నేర్చుకున్నావు."

"మీ దగ్గరే కదయ్యా నేర్చుకుంది."

పెద్దమేస్త్రి పైకి చూశాడు. పరంజా మీద కూతురు. మూతికి గుడ్డ కట్టుకుని, చిన్న సుత్తితో బాల్కనీ అడుగున కొడుతోంది. కొట్టి, చెవి దగ్గరగా పెట్టి వింటోంది. జరిగి మళ్ళీ కొడుతోంది. గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల చెడితే గుల్లగా పలుకుతుంది. ఆ వినడం చిన్నప్పుడు ఆయనే నేర్పాడు. పుచ్చకాయ బేరం చేస్తున్నట్టు గోడల్ని కొట్టుకుంటూ తిరిగేది ఇల్లంతా.

కింది ఇంటి ముసలామె కర్ర పొడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఆ పిల్ల మీ పిల్లేనా?"

"ఆ."

"పైనుంచి వాననీళ్ళు దించే గొట్టం గోడలో పగిలి కారుతుంటే, ఇన్ని వానాకాలాలూ మంచం ఈ మూల నుంచి ఆ మూలకి లాక్కుంటూ పడుకున్నాను నాయనా. కట్టినవాడు పలకలేదు. ఎవరిని పిలిచినా ఇంత చిన్న పనికి మేం రామన్నారు. ఈ పిల్ల వచ్చింది. రాత్రి అంత వాన పడిందా? ఒక్క చుక్క లేదు. నాకు నిద్రే పట్టలేదనుకో, ఎప్పుడు పడుతుందా అని కాచుకుని."

పెద్దమేస్త్రికి ఇంట్లో గిన్నె గుర్తొచ్చింది. మొహం తిప్పుకున్నాడు. ఈలోపు కూతురు కిందికి దిగి వచ్చింది. మొహమంతా సిమెంటు దుమ్ము, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"నాన్నా, నేనే చెబుదామనుకున్నాను..."

"సాయంత్రం ఇంటికి రా," అన్నాడు ఆయన. బండి ఎక్కి కూర్చున్నాడు. ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. తమ్ముడు కూడా మాట్లాడలేదంటే సంగతి ఎంత పెద్దదో తెలుస్తుంది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నలుగురూ ముందు గదిలో చేరారు. ఫైలు బల్ల మీదే ఉంది.

"ఎన్నాళ్ళుగా?" అన్నాడు పెద్దమేస్త్రి.

"ఎండాకాలం నుంచి."

"మనం కట్టేవాళ్ళం. అతుకులేసేవాళ్ళం కాదు."

"కట్టించుకునేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు నాన్నా? కట్టినవి కారుతున్నవాళ్ళు మాత్రం వీధికి పదిమంది ఉన్నారు. మనవాళ్ళు ఒక్కొక్కరే వేరే ఊళ్ళకి వెళ్ళిపోతున్నారు. మంచిరోజులొస్తే మిషను మళ్ళీ కొనుక్కోవచ్చు. పొట్టిమేస్త్రిని ఎక్కడ కొంటావ్?"

"దొరుకుతార్లేవే మనుషులు," అన్నాడు బాబాయి.

"ఆ మాట వాళ్ళ ముందు అనకు బాబాయ్."

"నీకు వ్యాపారం తెలీదమ్మా. పెద్ద పని చేసేవాడికే పెద్ద పని వస్తుంది. గొట్టాలు బాగుచేసే కంపెనీకి రేపెవడు బిల్డింగు ఇస్తాడు?"

"కారకుండా చేసినవాడికే ఇస్తాడు. ఆ ముసలావిడ కొడుకు కొత్తగా షెడ్డు వేయించాలట, అడిగాడు. సగం డబ్బు ముందు, మిగతాది పని సాగేకొద్దీ. అప్పు సిమెంటు లేదు, అప్పు ఇసుక లేదు. ఆ క్రేను అమ్మేద్దాం. మేత మేస్తూ పాలివ్వని గేదె అది. సెంట్రింగు రేకులు అద్దెకిద్దాం."

"మరి మన బిల్డింగు?"

ఆమె తండ్రి వైపు చూసి చెప్పింది.

"నాలుగు దగ్గర ఆపేద్దాం. తలుపులు పెట్టి, నీళ్ళు, కరెంటు ఇచ్చి, కొన్నవాళ్ళని లోపలికి పంపుదాం. పై అంతస్తుల్లో కొన్నవాళ్ళు కొద్దిమందే. వాళ్ళకి సరిపోయే ఇళ్ళు కింద ఖాళీగానే ఉన్నాయి. వాళ్ళంతా రెండేళ్ళ నుంచి అద్దిళ్ళలో ఉండి మనల్ని తిట్టుకుంటున్నారు బాబాయ్."

బాబాయి లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ నవ్వే మొహం. ఇప్పుడు ఆ నవ్వు లేదు.

"ఎనిమిదని చెప్పింది నేను! ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి బొమ్మ చూపించి, ఇదిగో మీ కిటికీ, ఇక్కణ్ణుంచి సూర్యుడు కనిపిస్తాడని చెప్పింది నేను. ఇప్పుడు వెళ్ళి, సూర్యుడు లేడు, రెండో అంతస్తులో ఉండండని చెప్పాలా? ఈ కాగితం కోసం ఎన్ని గడపలెక్కానో తెలుసా మీకు? ఒకచోట కుర్చీ కూడా చూపించలేదు. పూట పూటంతా నిలబెట్టారు. మీ ఎవరికీ చెప్పలేదు, చొక్కా చూసి బాగానే ఉన్నాడనుకున్నారు."

వదిన మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాడు.

పెద్దమేస్త్రి నెమ్మదిగా అన్నాడు. "వాడిచ్చింది మాట. నిలబెట్టాలి. రేపు సంతకం పెడతాను. ఈ ఇల్లు నేను కట్టాను, పూచీ పెట్టేదీ నేనే."

"నాన్నా, ఇది కూడా పోతే..."

"పోదు! పైన ఆ కడ్డీలు ఎవరి కోసం వదిలాననుకున్నావ్? నీ కోసం. ఇల్లు పోగొట్టుకునేవాడైతే పైన కడదామని వదులుతాడా?"

"ఆ కడ్డీల వెంటే నీళ్ళు దిగుతున్నాయి నాన్నా. అమ్మ మంచం పక్కకి."

పెద్దమేస్త్రికి చెంప మీద కొట్టినట్టయింది. లేచి లోపలికి పోబోయాడు. భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"ఇల్లు కట్టింది మీరే. ఇటుకలందించింది ఎవరు?" అంది. గొంతు పెంచలేదు. "సంతకం నాది కూడా కావాలట. మరిది చెప్పాడు. పెట్టనని అనను. ఎప్పుడైనా అన్నానా? ఒక్కటే అడుగుతున్నాను. రేపు బయల్దేరే ముందు ఒకసారి మేడెక్కి చూసి రండి. చూసొచ్చి పెట్టమంటే పెడతాను."

"మోకాళ్ళ నొప్పులు నాకు."

"ఆగిపోయిన బిల్డింగు నాలుగంతస్తులూ వారానికోసారి ఎక్కి దిగుతారుగా. అక్కడ లేని నొప్పి ఇక్కడొస్తుందా?"

ఆయన గ్లాసు కోసం చుట్టూ చూశాడు. తాగడానికి కాఫీ కూడా లేదు.

తెల్లవారింది. ఇంట్లో ఎవరూ లేవకముందే పెద్దమేస్త్రి పాత సుత్తి వెతికి పట్టుకుని మెట్లెక్కాడు. చెక్క పిడి అరిగి, ఆయన అరచేతి పల్లం ఆ పిడి మీద దిగి ఉంది.

మేడ మీద తడి ఆరలేదు. కడ్డీల మధ్య బట్టల తాడు, దాని మీద ఎవరిదో తువ్వాలు. ఏళ్ళుగా రాలేదు ఇక్కడికి. ఈ కడ్డీలు కనిపిస్తే ఎవరో బాకీ అడిగినట్టుండేది. అందుకే రాలేదు. మోకాళ్ళదేముంది!

మొదటి పిల్లరు తల మీద కొట్టాడు. ఖంగుమంది. రెండోదీ అంతే. మెచ్చుకోలుగా తలూపుకున్నాడు. గట్టిగా వేశానే అనుకున్నాడు. వెనక వైపుకి నడిచాడు. పడగ్గది మీది పిల్లరు దగ్గరకి వచ్చేసరికి చెయ్యి తనంతట తానే ఆగింది. కొట్టకుండానే తెలిసింది. నాలుగు పక్కలా బీటలు, బీటల్లోంచి గోధుమరంగు చారలు.

కొట్టాడు.

గుల్లగా పలికింది. ఖాళీ కుండ మీద కొట్టినట్టు.

ఇంకొకటి వేశాడు. అరచెయ్యంత పెచ్చు ఊడి కాళ్ళ దగ్గర పడింది. లోపల కడ్డీ పొరలు పొరలుగా ఉబ్బి ఉంది, తడిసిన అట్టలాగా. ఇనుము తుప్పు పడితే లావెక్కుతుంది. లావెక్కి చుట్టూ ఉన్న కాంక్రీటుని చీల్చుకుని బయటికొస్తుంది. ఆ సంగతి ఆయన వందమందికి చెప్పాడు. బయటికి నిలబడ్డ కడ్డీ పట్టుకుని ఒకసారి ఊపాడు. ఊపడానికి మించి బలం పెట్టలేదు. మొదలు దగ్గర పుటుక్కుమని విరిగి చేతిలోకి వచ్చేసింది.

ఆయన అలాగే కూలబడ్డాడు.

దీని మీద అంతస్తు వేసి, కూతుర్ని తెచ్చి పెడదామనుకున్నాడు. ఇన్నేళ్ళూ నిలబడి ఉన్నాయి కదా, సిద్ధంగా ఉన్నాయి కదా అనుకున్నాడు. ఒక్కనాడు గుప్పెడు మాలు కలిపి కప్పి ఉంటే ఇవాళ్టికీ కడ్డీలు కొత్తవిలా ఉండేవి. కప్పడానికి చేతులు రాలేదు. కప్పితే, ఈ ఏడు కట్టడం లేదని ఒప్పుకున్నట్టు. ఆ ఒప్పుకోవడం కష్టమై, కింద ఒక మనిషి ఇన్ని వానాకాలాలూ గిన్నె మారుస్తుంటే చూస్తూ పడుకున్నాడు.

కళ్ళు తుడుచుకుంటే తుప్పు బుగ్గకంటింది.

మెట్ల మీద అడుగులు. కూతురు రెండు గ్లాసుల కాఫీతో వచ్చింది. ఊడిన పెచ్చు చూసింది, తండ్రి చేతిలో కడ్డీ చూసింది. ఒక గ్లాసు ఆయన పక్కన పెట్టి తానూ తడి నేల మీదే కూర్చుంది.

ఆయన పిల్లరు వైపు చెయ్యి చూపించాడు. "ఇది నీ ఇంటి పిల్లరు."

"తెలుసు నాన్నా."

"నీకెప్పుడు తెలిసింది, చెడిందని?"

"చదువు అయిపోయి వచ్చిన ఏడు. ఒకసారి కొట్టి చూశాను."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? ఎవరొచ్చినా మేడ మీదికి చెయ్యి చూపించి, అది మా అమ్మాయికి అనేవాడివి. అప్పుడు నీ మొహం చూస్తే నోరు వచ్చేది కాదు." ఆమె గ్లాసులోకి చూస్తూ అంది. "నాకు పై అంతస్తు ఎప్పుడూ అక్కర్లేదు నాన్నా. కింద నా గది ఉంది. మీరున్నారు. కారకుండా ఉంటే చాలు."

"ఆ ఒక్క మాటా ముందే అనుంటే..."

"నాకు నీ పోలికేగా. మాట్లాడాల్సినప్పుడు కాఫీ తాగుతాను."

ఆయనకి నవ్వొచ్చింది. కూతురు ఆయన చేతిలోంచి కడ్డీ మెల్లిగా తీసుకుని పక్కన పెట్టింది. అరచేతికి అంటిన తుప్పు తన చున్నీతో తుడిచింది.

"సరే," అన్నాడు ఆయన గ్లాసు అందుకుంటూ. "ఈ పిల్లరు బాగుచెయ్యాలంటే ఏం చేస్తుంది నీ కంపెనీ?"

"గుల్లంతా కొట్టేసి, తుప్పు గీకి, మందు పూసి, కొత్త కాంక్రీటు పట్టిస్తాం. కడ్డీలన్నీ కోసి, మేడంతా నీరు దిగకుండా పూత వేస్తాం."

"ఎప్పుడు మొదలుపెడతావ్?"

"సగం డబ్బు ముందిస్తే ఇవాళే."

"కన్నతండ్రి దగ్గర కూడానా?"

"కారే ఇంటివాళ్ళంతా నాకు ఒక్కటే."

"పొట్టోణ్ణి పిలు," అన్నాడు ఆయన లేస్తూ. "కోసే మిషను తెమ్మను. మొదటి కడ్డీ నేను కోస్తాను. చిన్నమేస్త్రీ, నువ్వు పక్కనుండు."

ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో. ఆమె మొహం పక్కకి తిప్పుకుని గబగబా మెట్లు దిగింది.

పదిన్నరకి తమ్ముడు ఫైలుతో వచ్చేసరికి మేడ మీద కీచుమని మిషను మోత. వీధిలోకి నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. వదిన గుమ్మంలో నిలబడి పైకి చూస్తోంది.

"ఏంటి వదినా ఇది? బ్యాంకుకి టైమవుతోంది!"

"మీ అన్నయ్య పైకి పోయాడు," అంది ఆమె. "భయపడకు, మేడ పైకి."

తమ్ముడు పరుగున ఎక్కాడు. అన్న మోకాళ్ళ మీద కూర్చుని కడ్డీ కోస్తున్నాడు. పొట్టిమేస్త్రి నీళ్ళు చల్లుతున్నాడు. అన్న మిషను ఆపాడు. విరిగిన కడ్డీ తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. తమ్ముడు దాన్ని వేళ్ళతో నలిపాడు. పొడి రాలింది. కొట్టిన పిల్లరు చూశాడు. వ్యాపారం చేసేవాడే అయినా మేస్త్రి తమ్ముడు. చూస్తే తెలిసిపోతుంది.

"ఇంతలా తినేసిందా?" అన్నాడు మెల్లిగా.

"బిల్డింగు మీద కడ్డీలు కూడా రెండేళ్ళుగా ఇలాగే నానుతున్నాయిరా," అన్నాడు పెద్దమేస్త్రి. ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం ఆ రోజే విన్నారు అందరూ. "అవి ఇంకా చెడలేదు. వారం వారం ఎక్కి చూస్తున్నాగా. అక్కడ కొయ్యొద్దు. ఇక్కడ నేను చెయ్యని పని అక్కడ చేద్దాం. మాలుతో కప్పేద్దాం. కప్పి, కింద ఉన్న నాలుగంతస్తులకీ తలుపులు పెట్టి మనుషుల్ని పంపుదాం. నీ ఎనిమిది ఎక్కడికీ పోవు. కాలం బాగుంటే ఉలి పెట్టి కొడదాం, మళ్ళీ లేపుదాం. బాగోకపోయినా కిందున్నవాళ్ళు తడవరు. ఇల్లు మాత్రం పూచీ పెట్టను."

తమ్ముడు పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డాడు. చొక్కాకి తుప్పు అంటింది. చూసుకోలేదు.

"మరి సూర్యుడు కనిపిస్తాడన్నవాళ్ళకి ఏం చెప్పను?"

"బాబాయ్, నువ్వు చెబితే రెండో అంతస్తులో కూడా కనిపిస్తాడు," అంది కూతురు.

పొట్టిమేస్త్రి ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నాడు. తమ్ముడు కోపంగా చూడబోయి, చూడలేక, తానూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాడు. పూట పూటంతా నిలబడ్డ ఏడుపు అది.

"ఒక్కడివే వెళ్ళకు," అన్నాడు అన్న. "ప్రతి ఇంటికీ నేనూ వస్తాను. నాకు మాట రాదు. పక్కన నిలబడతాను."

తర్వాత పొడుగు కడ్డీ ఒకటి కోయాల్సి వచ్చింది. కింద పడితే పిల్లరు పెచ్చులు కొట్టేసిన చోట దెబ్బ తగులుతుంది. "ఆ చివర పట్టుకో," అన్నాడు పెద్దమేస్త్రి. తమ్ముడు ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి పట్టుకున్నాడు. కుర్రతనంలో ఇద్దరూ ఇలాగే మోసేవాళ్ళు, అన్న ముందు, తమ్ముడు వెనక. ఫైలు పిట్టగోడ మీద ఉంది. ఆ ఎండకి అట్ట వంకర తిరిగింది. ఎవరూ పట్టించుకోలేదు.

కొన్నాళ్ళు తిట్లు తిన్నారు అన్నదమ్ములు. ఒకాయన తలుపు తియ్యలేదు. ఒకావిడ మాత్రం, "ఏ అంతస్తయినా సరే, తాళం ఇవ్వండి," అంది. క్రేను అమ్ముడుపోయింది. కాకులు పక్కింటి నీళ్ళ తొట్టి మీదికి కాపురం మార్చాయి. ఆగిన బిల్డింగు కిటికీల్లో ఒక్కొక్కటే దీపం వెలిగింది. సాయంత్రాలు పెద్దమేస్త్రి ఆ వైపు నడకకి వెళ్ళి, ఎదురుగా నిలబడి, ఏ కిటికీలో ఎవరు బట్టలారేశారో చూసి వచ్చేవాడు. పైన మాలు కప్పిన పిల్లర్లు తెల్లటి టోపీలు పెట్టుకున్నట్టుండేవి.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. పెద్ద వాన. పెద్దమేస్త్రి భార్య అలవాటు కొద్దీ గిన్నె తెచ్చి మరక మీద పెట్టి, మంచం మీద కూర్చుంది. ఆయనా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కప్పుకేసి చూస్తున్నారు. బయట చూరు నీళ్ళు ధారలు కడుతున్నాయి. లోపల ఏమీ లేదు. ఎంతసేపటికీ ఏమీ లేదు.

"చెవులు పోయాయేమో నాకు," అంది ఆమె చివరికి.

పెద్దమేస్త్రి వంగి గిన్నెలో చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. ఆ చెయ్యి ఆమె చేతి మీద వేశాడు. ఆమె కళ్ళు తుడుచుకుని లేచి, గిన్నె తీసుకుని వంటింట్లోకి నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడు.

"పాలు కాస్తాను. వాన తగ్గేలోపు కాఫీ తాగుదురు," అంది. "ఇన్నేళ్ళకి ఈ గిన్నె పొయ్యెక్కుతోంది."